రెండో డిష్

మిట్టమధ్యాహ్నమైనా మా మైక్రోస్కోప్ గదిలో చీకటే. కిటికీల్లేవు, గోడలకు నల్లరంగు, తలుపుకి మందపాటి తెర. నాకా చీకటంటే భయం లేదు. ఏళ్ళ తరబడి అందులోనే కూర్చునేదాన్ని, భయపడితే పనెలా సాగుతుంది?

బతికున్న కణంలో సరుకు ఎలా కదులుతుందో చూడ్డం మా పని. కణం ఒక ఊరనుకోండి. సన్నటి దారాల వెంట చిన్నచిన్న మూటలు అటూ ఇటూ పరిగెడుతుంటాయి. వాటికి రంగు పట్టించి లేజర్ వేస్తే పచ్చగా మెరుస్తాయి. ఒకటే చిక్కు. వెలుగు ఎక్కువైతే కణం మాడి చస్తుంది.

ఈసారి డిష్‌లో, అంటే కణాలు పెంచే చిన్న గాజు పళ్ళెంలో, ఉన్న కణాలు నా చెల్లివి. బయట కొన్న కణాలు పెరగక మొండికేస్తే, తనే చెయ్యి చాపి గోరుముక్కంత చర్మం ఇచ్చింది. "తోలు ఒలిచిస్తున్నా, సినిమాకి తీసుకెళ్ళాల్సిందే అక్కా" అని బేరం పెట్టింది. గడుసుది! అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. నాకున్నదల్లా అదొక్కతే.

ఆ రోజు మూటలు మసకగా కనిపించాయి. నాకసలే ఓపిక తక్కువ, చిర్రెత్తుకొచ్చింది. లేజర్ పెంచాను. ఇంకొంచెం పెంచాను.

మూటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఫోన్ మోగింది. చెల్లి.

"అక్కా... చెయ్యి మండిపోతోంది."

"ఏం చేశావే? వేణ్ణీళ్ళు ఒలకబోసుకున్నావా?"

"లేదక్కా, మంచం మీదే ఉన్నా. ఎవరో లైటు పెట్టి కాలుస్తున్నట్టుంది..."

గబుక్కున లేజర్ ఆపేశాను.

"హమ్మయ్య... తగ్గిపోయింది" అంది.

ఏదో కాకతాళీయంలే అనుకున్నాను. కానీ ఆ కంగారులో నా మోచెయ్యి తగిలి, డిష్‌ని వెచ్చగా ఉంచే పెట్టె మూత తెరుచుకుంది. ఏసీ గాలి లోపలికి పోయింది.

"అక్కా... చలి..." ఫోన్లో దాని పళ్ళు టకటకమంటున్నాయి.

మూత మూసేశాను. కాసేపటికి పళ్ళ చప్పుడు ఆగింది.

దేవుడా, దీని ప్రాణం ఈ డిష్‌లో ఉందా? నేను తుమ్మినా దానికేమైనా అవుతుందా? ఫోన్ పెట్టెయ్యొద్దని దానికి చెప్పి, వెలుగు బాగా తగ్గించి, ఊపిరి బిగబట్టి మళ్ళీ చూశాను. మూటలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఏడుపొచ్చేసింది.

తెర కదిలింది. మా సీనియర్ లోపలికొచ్చాడు. నలభై కూడా నిండలేదు, చాదస్తం చూసి అందరం తాతగారూ అంటాం.

"ఏంటమ్మా, చీకట్లో ఏడుస్తున్నావు?"

"తాతగారూ, మీకు దణ్ణం పెడతా. ఈ డిష్ ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

"అలాగేలే. అయినా దానికేమైంది? నిన్న నేనే పంచి పెట్టాను కదా."

"పంచారా?"

"కణాలు కిక్కిరిసిపోయాయని రెండు డిష్‌లుగా పంచా. ఎప్పుడూ చేసేదే. ఒకటి నీకుంచా. రెండోది మనకెందుకు? ఇప్పుడే బ్లీచింగ్ బకెట్లో ముంచి వస్తున్నా."

ఎప్పుడూ చేసేదే. నిజమే. నేనూ ఎన్నోసార్లు చేశాను. పంచుతాం, కావలసింది ఉంచుకుంటాం, మిగిలింది చంపి పారేస్తాం.

ఫోన్ చెవికి నొక్కుకున్నాను.

"చిట్టీ! ఎలా ఉన్నావే? మాట్లాడు!"

"నాకేం లేదక్కా. బాగానే ఉన్నా."

పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కానీ అక్కా..." గొంతు బాగా తగ్గించింది. "తలుపు గడియ పెట్టే ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. మరి ఈ బ్లీచింగ్ వాసన ఎక్కణ్ణుంచి?"

తాతగారి చేతుల వైపు చూశాను.

"బాత్‌రూంలో ఎవరో ఏడుస్తున్నారక్కా... అచ్చం నా గొంతే. నిన్నే పిలుస్తోంది."

"తలుపు తియ్యకు" అన్నాను. అసలు అన్నానో లేదో.

చిట్టి ఊపిరి బిగబట్టింది. అప్పుడు నాకూ వినిపించింది. నీళ్ళ చప్పుడు మధ్య, దూరంగా, నా చెల్లి గొంతు.

"అక్కా... మండుతోంది... నన్నెందుకు పారేశావు?"