విపాకి చెప్పని అంకె

థాయ్‌లాండ్‌లో మా లాంపాంగ్ ఆసుపత్రి ల్యాబులో, రక్తంలో మందు ఎంతుందో కొలిచే యంత్రం ఒకటుంది. అది నా తోటి టెక్నీషియన్ విపా మాటే వినేది. ఆమె కంటే పదకొండేళ్లు సీనియర్ని నేను. నేను ముట్టుకుంటే మొరాయించేది. ఆమె వచ్చి, ఇక్కడ దేవతలకి నైవేద్యం పెట్టినట్టు, ఎర్ర సోడా సీసాలో స్ట్రా వేసి దాని ముందు పెట్టి, "అలగకే తల్లీ" అంటే చాలు, బుద్ధిగా పనిచేసేది. రోగులకి రక్తం తీశాక విపా దూది మీద టేపు అంచు మడిచి అంటించేది, పీకేటప్పుడు నొప్పెట్టకూడదని. దానికీ మెచ్చుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

"దువాంగక్కా, నువ్వు దాన్ని తిడతావు. అందుకే నీకు లొంగదు," అంది ఓసారి.

"యంత్రానిక్కూడా పొగడ్తలు కావాలేమిటే?"

"మనుషులకి అక్కర్లేదా ఏం?" అని నవ్వింది.

సెక్షన్ హెడ్ పదవి ఆమెకే ఖాయమన్నారు. ఆ వారం నాకు అన్నం సహించలేదు.

విపాకి మూర్ఛ ఉంది. రక్తంలో మందు పదికి తగ్గితే ప్రమాదం. ఆ శుక్రవారం తన రక్తం పరీక్షకి ఇచ్చి ఇంటికెళ్లింది. మందు ఎక్కువుంటే గొట్టంలో మేం పరీక్షకి కలిపే ఎంజైము చురుగ్గా పనిచేస్తుంది. ఆమె గొట్టంలో అది దాదాపు కదల్లేదు. రెండు పాయింట్ ఒకటి. అంత తక్కువ వస్తే వెంటనే ఫోన్ చేసి చెప్పాలి, అవతలివాళ్లు ఆ అంకెను తిరిగి అప్పజెప్పాలి. అది మా నియమం. ఫోన్ ఎత్తాను. పెట్టేశాను. ఒక్కరోజు తననీ ఇబ్బంది పడనీ అనుకున్నాను.

మర్నాడు విపా స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి చనిపోయింది. కుర్చీ నాకొచ్చింది.

ఆమె పోయిన నూరో రోజు పుణ్యకార్యానికి అందరూ గుడికెళ్లారు. డ్యూటీ ఉందని నేను ఆగిపోయాను. మధ్యాహ్నం, బయట వాన. పనేమీ లేక యంత్రాన్ని పరీక్షిద్దామని ఉత్త నీళ్లు పోసి నడిపాను.

రెండు పాయింట్ ఒకటి.

కడిగి మళ్లీ నడిపాను. అదే అంకె. ఈసారి పక్కన పేరు కూడా ఉంది... విపా.

గదిలో ఎర్ర సోడా వాసన. నేను సీసా పెట్టలేదు...

తెర మీద ఒకే ప్రశ్న. ఫోన్ చేశారా? ఎంత నొక్కినా పోలేదు. చెప్పేస్తే వదిలేస్తుందేమో అనిపించింది. ఆమె నంబరు నొక్కాను.

ఎవరో ఎత్తారు. నీటి చప్పుడు మాత్రం వినిపించింది.

"విపా..." అన్నాను. "రెండు... పాయింట్ ఒకటి."

"రెండు పాయింట్ ఒకటి," అని గుసగుసగా అప్పజెప్పింది. "చాలా ఆలస్యం చేశావక్కా. సరే, ఇక నీ రక్తపరీక్ష నడుస్తోంది చూడు."

తెర మీద రెండో వరుస వచ్చింది. నా పేరు. అంకె ఇంకా రాలేదు.

నేను ఎవరికీ రక్తం ఇవ్వలేదు... మోచేతి మడతలో చురుక్కుమంది. కోటు చెయ్యి పైకి లాగాను.

తడి దూది. దాని మీద టేపు. అంచు మడిచి ఉంది.