పేరు లేని నలభై ఒక్కరు

పాత కంప్యూటర్‌ను పదిహేనేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్న పెద్దాయన సోమవారం ఉదయం లిఫ్టు గుంటలో పడి చనిపోయాడు. మునిసిపల్ ఆఫీసులో అందరూ అయ్యో పాపం అన్నారు. లిఫ్టు పాడైందని శనివారమే తలుపుకు తగిలించిన బోర్డు ఎవరు తీశారని మాత్రం ఎవరూ అడగలేదు.

మంగళవారం ఆ మాట అడిగినవాడు నిఘా విభాగం చీఫ్.

"యాక్సిడెంట్ కాదు," అన్నాడు ఫైలు ముందుకు తోస్తూ. ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ పదిహేడు. వయసు యాభై ఎనిమిది. రిటైర్మెంటుకు ఎనిమిది నెలలు.

"ఊరి జనన మరణాలన్నీ ఆ పాత మెషీన్లోనే ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి కొత్త సిస్టమ్‌లోకి చివరి కాపీ వెళ్తుంది. ఆ తర్వాత పాతది శాశ్వతంగా ఆఫ్. ఈలోగా ఒక విదేశీ ముఠా నలభై మంది దొంగ పౌరుల్ని తయారు చేస్తోంది."

"ఎలా?"

"పుట్టి, పేరు పెట్టకముందే పోయిన పసిపిల్లలు. ఒక్కొక్కరికీ పుట్టినట్టు ఒక రికార్డు, పోయినట్టు ఇంకో రికార్డు. డేటా మార్చే ప్రోగ్రాంలో ముఠా మనిషి చిన్న రూల్ దూర్చాడు. పేరు గడి ఖాళీగా ఉంటే మరణం రికార్డు వదిలెయ్ అని. పుట్టుక వెళ్తుంది, చావు వెళ్లదు. కొత్త సిస్టమ్‌లో ఆ పిల్లలంతా బతికే ఉంటారు. వాళ్ల పేరిట గూఢచారులకు పాస్‌పోర్టులు. పెద్దాయన అది కనిపెట్టాడు."

"ఆ రూల్ తీసేయిస్తే సరిపోతుందిగా."

"తీయమన్న మరుక్షణం ముఠా మాయమవుతుంది. నాకు దాని తలకాయ కావాలి. పని పాత మెషీన్లోంచే, చప్పుడు లేకుండా జరగాలి. నిన్నే ఎందుకు పంపుతున్నానంటే..."

"తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే."

డిపార్ట్‌మెంటులో చేరకముందు, ముప్ఫై ఏళ్ల కిందట, అతను ఆ ఆఫీసులోనే ప్రోగ్రామరు.

"లోపల మనకు కబురందించే మనిషి ఉంది. ముఠాలోనే ఉంటుంది. కోడ్ నేమ్ చిలక. 'రిబ్బన్ తెచ్చారా' అని అడుగుతుంది. 'నల్లదే దొరికింది' అను."

బుధవారం ఉదయం అతను తెల్లమీసం అంటించుకుని, చెవిలో వినికిడి యంత్రం పెట్టుకుని ప్రింటర్ మెకానిక్‌గా బేస్‌మెంటులోకి దిగాడు. ఆ యంత్రంలో వినిపించేది చీఫ్ గొంతు. గదిలో ఏసీ చలి. కుర్చీకి పెద్దాయన స్వెటర్ ఇంకా వేలాడుతోంది. తెర మీద అవే పచ్చటి అక్షరాలు.

ప్రోగ్రాం తెరిచి చూశాడు. మధ్యమధ్యలో పెద్దాయన రాసుకున్న నోట్సు ఉన్నాయి. "ఈ భాగం రాసినవాడెవడో గానీ వట్టి గాడిద." రెండేళ్ల తర్వాతి తేదీతో కింద ఇంకోటి. "గాడిద కాదు. ఎందుకలా రాశాడో ఇవాళ అర్థమైంది. క్షమించాలి."

పదిహేడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"రిబ్బన్ తెచ్చారా?"

తలుపు దగ్గర డేటా మార్పిడి టీమ్ లీడర్ నిలబడి ఉంది. ముప్ఫైకి అటూ ఇటూ వయసు. ఎర్రటి లిప్‌స్టిక్, సిల్కు చొక్కా. ఆమె నడిచొస్తుంటే నేలమీది కేబుళ్లు కూడా పక్కకు తప్పుకుంటాయేమో అనిపించింది.

"నల్లదే దొరికింది," అన్నాడు.

ఆమె నలభై నంబర్ల లిస్టు ఇచ్చింది. పరిష్కారం అతని బుర్రలో అప్పటికే తయారైంది. గడి ఖాళీగా ఉంటేనే కదా ఆ రూల్ పనిచేసేది? ఖాళీ లేకుండా చేస్తే చాలు. ఆమె నంబర్లు చదివింది, అతను టైప్ చేశాడు. ఆడపిల్లయితే పాప. మగపిల్లాడైతే బాబు. మూడు రోజులు బతికిన పాప. పదహారు గంటలు బతికిన బాబు. నలభై గడులూ అలా నింపారు. పాత మెషీన్ ఒక్కో రికార్డుకు నిమిషాల తరబడి గురకపెట్టడంతో గురువారం సాయంత్రం దాకా పట్టింది.

"మీకు పిల్లలున్నారా సార్?" టీ కప్పు అందిస్తూ అడిగింది చిలక.

"ఒక పాప పుట్టింది. తొమ్మిది రోజులుంది."

"ఈ లిస్టులో ఉందా?"

"లేదు. పుట్టుక నేనే ఎక్కించాను, ఈ కుర్చీలోనే. పోయినట్టు రాయొద్దంది మా ఆవిడ. నాకూ చేతులు రాలేదు."

చిలక చేతిలో కప్పు ఒలికింది. ఏదో పనుందని లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం పదకొండూ నలభై అయిదు. పాత అలవాటు కొద్దీ అతను చివరిగా ఒక తనిఖీ చేశాడు. కొత్త సిస్టమ్‌లో రికార్డులు మార్చే పూర్తి హక్కులు ఎవరికున్నాయి? ఒక్కరికే. టీమ్ లీడర్‌కి. ఆమె గుర్తింపు ఏ జనన రికార్డు మీద నిలబడి ఉందో చూశాడు.

ఆ నంబరు అతనికి నోటికొచ్చు. తండ్రి పేరు దగ్గర తన పేరే ఉంది.

"చీఫ్," అన్నాడు. "నలభై కాదు. నలభై ఒకటి."

సంగతి విని చెవిలో చీఫ్ మెల్లగా అన్నాడు. "ఆ హక్కులు ఆమె చేతిలో ఉంటే రేపు నాలుగు వేల మందిని పుట్టించగలదు. ఆ పాప రికార్డు కూడా మూసెయ్."

"మనకు సాయం చేసిన పిల్ల."

"నలభై మనకిచ్చి ఒకటి దాచుకుంది. ఎవరి మనిషో నువ్వే చెప్పు."

"సార్, కీబోర్డు మీంచి చేతులు తీయండి."

చిలక వెనకే నిలబడి ఉంది. చేతిలో సైలెన్సర్ పిస్టల్. కాటుక చెదిరిపోయి ఉంది.

"ఆయన మీరేనని నిన్నటిదాకా నాకూ తెలీదు," అంది. "ఆరేళ్లుగా ప్రతి ఫారంలో తండ్రి పేరు దగ్గర మీ పేరే రాస్తున్నాను. అద్దె కాగితం మీద, బ్యాంకులో. ఒకసారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మీ నాన్నగారు ఎలాంటివారని నర్సు అడిగింది. చాలా మంచివారని చెప్పాను."

"నీ అసలు నాన్న?"

"గుర్తులేడు. చిన్నప్పుడే వీళ్ల చేతుల్లో పడ్డాను. నాకు ఈ రికార్డు మీద తెచ్చుకున్నది తప్ప ఇంకో పేరు లేదు సార్. ఇన్నేళ్లూ మీరే రాయలేకపోయారు కదా. ఈ ఒక్కటీ వదిలెయ్యండి."

పదకొండూ యాభై మూడు.

"మా ఆవిడతో ఒక్క మాట మాట్లాడతాను," అన్నాడు.

ఆమె తలూపింది.

"ఏంటండీ ఈ టైమ్‌లో?" అంది భార్య. వెనక కుళాయి చప్పుడు.

"మన పాపది... రాయాల్సి వచ్చింది. ఇప్పుడే. రాయనా?"

కుళాయి ఆగింది.

"ఎక్కడో ఒకచోట ఉందిలే అనుకునేదాన్ని," అందామె.

"నేనూ అంతే."

"తప్పదా?"

"తప్పదు."

"పేరు అడుగుతుందా అది?"

"అడుగుతుంది."

"చివర దీర్ఘం ఉంటుంది. మర్చిపోకండి."

ఫోన్ పెట్టేశాడు. చిలక చెవిలోని ఇయర్‌పీస్ లోంచి మగగొంతు అతనికీ వినిపించింది. "కాల్చు! ఏం చూస్తున్నావ్?" ఆ గొంతు మార్పిడి ప్రాజెక్టు డైరెక్టర్‌ది. రెండు రోజులుగా గదిలోకి తొంగిచూసి పోతున్న, ఎప్పుడూ నీలం టై కట్టుకునే పెద్దమనిషి. చీఫ్ వెతుకుతున్న తలకాయ.

చిలక ఇయర్‌పీస్ తీసి చల్లారిన టీలో వేసింది. పిస్టల్ బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది.

లైట్లు ఆరిపోయాయి. నీలం టై బేస్‌మెంటు మెయిన్ స్విచ్ లాగేశాడు. యూపీఎస్ కీచుమంది. పచ్చటి అక్షరాలు మాత్రం మిగిలాయి. కొత్తలో అయితే ఆ బ్యాటరీ పది నిమిషాలు ఆగేది. ఇప్పుడు మూడు ఆగితే గొప్ప.

పదకొండూ యాభై ఏడు. నంబరు. తేదీ. వయసు, తొమ్మిది రోజులు. పేరు.

ఒక్కో తెలుగు అక్షరానికి మూడు మీటలు నొక్కేలా ఆ ప్రోగ్రాం రాసింది తనే. కుర్రతనంలో అదో గొప్ప అనుకున్నాడు. ఇద్దరూ అనుకుని, ఎవరికీ చెప్పని ఆ పేరును ఒక్కో మీటా నొక్కుతూ తెర మీదికి తెచ్చాడు. చివర దీర్ఘం పెట్టాడు. ఎంటర్.

చివరి కాపీ ఆ రికార్డును పట్టుకెళ్లినట్టు తెర మీద ఒక గీత పడింది. పన్నెండుకు రెండు సెకన్లు తక్కువ. తర్వాత తెర నల్లబడింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ గదిలో మెషీన్ ఫ్యాను చప్పుడు లేదు.

కొత్త సిస్టమ్ కళ్లు తెరుస్తూనే తన అధికారి ఇరవై తొమ్మిదేళ్ల కిందటే చనిపోయిందని గుర్తించి, తలుపులు తెరిచే ఆమె టీమ్ కార్డులన్నిటినీ రద్దు చేసింది. పారిపోతున్న నీలం టై రెండు గాజు తలుపుల మధ్య ఇరుక్కున్నాడు. చీఫ్ మనుషులు తాపీగా నడిచొచ్చి పట్టుకున్నారు.

కారిడార్‌లో ఒక ఆఫీసరు చిలక ముందు ఫారం పట్టుకుని నిలబడ్డాడు.

"పేరు?"

ఆమె పదిహేడు వైపు చూసింది.

"ఖాళీగా వదిలెయ్యండి," అంది చిలక.

జీపు వెళ్లిపోయాక పదిహేడు చీఫ్‌తో అన్నాడు. "కాల్చగలిగి కూడా కాల్చలేదని రిపోర్టులో రాస్తాను. కోర్టుకు కూడా వచ్చి చెప్తాను."

"ఆమెకు ఏమవుతావని అడుగుతారు," అన్నాడు చీఫ్.

పదిహేడు మీసం ఊడబీకి జేబులో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఫోన్ మోగింది. కొత్త సిస్టమ్ తన జీవితంలో పంపిన మొట్టమొదటి మెసేజ్. "మీ కుమార్తె మరణ నమోదు విజయవంతంగా పూర్తయింది. మా సేవకు ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

చాలాసేపు దానికేసి చూసి, నాలుగు ఇచ్చాడు. పని ఇరవై తొమ్మిదేళ్లు ఆలస్యమైనందుకు ఒకటి తగ్గించాడు. ఆ ఆలస్యం తనదేనని రాసుకోవడానికి అందులో గడి లేదు.