డ్రాయర్లో నూట తొంభై కార్డులు

పార్ట్‌నర్‌ని ఎవరో కాల్చి చంపి నెలయింది. ఏజెంటు ఇంతవరకూ ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే.

"ఆ హత్యకి ఒక్కరే సాక్షి, అతని భార్య. నువ్వు వదినా అని పిలిచే ఆవిడ," అన్నాడు చీఫ్. "ఆవిణ్ణి దాచిన ఇంటి అడ్రస్ ఇవాళ నాలుగింటికి చేతులు మారుతోంది. నువ్వు ప్రూఫ్‌రీడర్ వేషం వేసిన డిక్షనరీ ఆఫీసులోనే."

"ఇచ్చేది ఎవరు?"

"నీ పక్క టేబుల్ అందగత్తె. మన మనిషే, కానీ గోడ మీద పిల్లి. 'సెట్' అనే ఇంగ్లీషు మాటకి నూట తొంభై అర్థాలు, అర్థానికో కార్డు. ఆ కార్డుల వరుసే కోడ్. ప్రింటింగ్ ప్రెస్ మనిషిలా వచ్చే కొరియర్ వాచీలో కెమెరా. క్లిక్‌మంటే ఫొటో సరిహద్దు దాటుతుంది. ఇద్దరూ దొరకాలి. ముందే అనుమానం రాకూడదు."

మూడున్నరకి ఆఫీసులో పక్క టేబుల్ ఆమె డ్రాయర్ మూస్తోంది. టీ కప్పుల సెట్, సినిమా సెట్, పొద్దు గుంకడం, విరిగిన ఎముక అతకడం, సిమెంటు గట్టిపడటం. ఆ ఆఖరి కార్డును ఏజెంటు రెండుసార్లు చదివాడు. ఆమెను చూస్తే కోపం రావాలి. అదీ రాలేదు.

లేచి ఎడిటర్ దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా ఒక్క కార్డునూ దిద్దకుండా వదలని ముసలాయన.

"సార్, 'సెట్' అంతా కలగాపులగంగా ఉంది. ఎముక పక్కన సిమెంటు పెట్టారు."

"ఏదీ, ఇలా పట్రా!"

"రేపు చూద్దాం సార్, ప్రెస్ వాళ్లొచ్చేస్తారు," అందామె. డ్రాయర్‌కి చెయ్యి అడ్డం పెట్టింది.

"రానీ తల్లీ. ఇలాగే అచ్చయితే నా తలెక్కడ పెట్టుకోను?"

డ్రాయర్ బల్లమీద బోర్లించాడు. వంటింటివి ఒక కుప్ప, ఆటలవి ఒక కుప్ప. గొణుక్కుంటూ, తిట్టుకుంటూ పేర్చాడు. ఆమె లిప్‌స్టిక్ పెదవి కొరుక్కుంటూ నిలబడింది. నాలుగింటికి నిమిషం ముందు ఆఖరి కార్డు డ్రాయర్లో పడింది.

కొరియర్ వచ్చాడు. డ్రాయర్ మీదికి వంగి టైమ్ చూసుకున్నాడు. క్లిక్. సరిహద్దు దాటింది ఎడిటర్‌గారి వరుస.

గేటు దగ్గర మఫ్టీ పోలీసులు ఇద్దరికీ బేడీలు వేశారు.

"నువ్వేనా?" అందామె.

"నేను ప్రూఫులు దిద్దానంతే."

సాయంత్రం ఆ దాచిన ఇంటినుంచి చీఫ్ ఏజెంటుకి ఫోన్ కలిపి వదినకిచ్చాడు.

"ఏడ్చావా నువ్వు?" అడిగిందామె.

"లేదు వదినా. రావట్లేదు."

"నాకూ అంతే. ఇంటికి రా. ఎవరో ఒకళ్లు మొదలెట్టాలిగా."