బ్యాంకులో మాట్లాడకూడని జర్మన్

"వాణ్ణి చంపమనడం లేదు. నోరు విప్పేలా చెయ్యమంటున్నాను, అంతే," అన్నాడు ఫోల్కర్, సిగరెట్ నలిపేస్తూ.

పశ్చిమ జర్మనీ గూఢచారి శాఖలో అతను ఆపరేషన్స్ చీఫ్. ఎదురుగా ఎర్ర లిప్‌స్టిక్‌తో కూర్చున్న గుడ్రున్ డబుల్ ఏజెంట్. సరిహద్దు అవతలి గూఢచారి ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఇటు పంపే గూఢచారులకు జర్మన్ వాడుకమాటలు నేర్పించేది ఆమెతోనే.

"కాసెల్ ఊళ్లో ఒక సేవింగ్స్ బ్యాంకు. లాకర్‌లో మైక్రోఫిల్మ్. ఏ లాకరో తెలీదు. ఫిల్మ్‌లో ఎక్‌హార్ట్ ఫొటో ఉంది. అది వాళ్ల రాజధాని చేరితే..."

"ఉరి తీస్తారు," అంది గుడ్రున్. అక్కడ దొంగపేరుతో పశ్చిమ జర్మనీకి పనిచేస్తున్న ఎక్‌హార్ట్ ఆమె సొంత తమ్ముడు.

"నీ శిష్యుడు మారువేషంలో వస్తాడు. కౌంటర్ దగ్గర బీరుకొట్టు భాష మాట్లాడేలా తయారు చెయ్, వాడెవడో తెలిసిపోతుంది. మిగతాది నేను చూసుకుంటాను."

జర్మన్‌వాడు బీరుకొట్టులో తన జేబు సంగతి అరిచి మరీ చెప్పుకుంటాడు. బ్యాంకులో మాత్రం రోగిని చూడ్డానికి వచ్చినవాడిలా గుసగుసలాడతాడు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు.

శిష్యుడి పేరు యారెక్. మీసం కూడా సరిగ్గా రాలేదు.

"డబ్బుని డబ్బు అనకు. బొగ్గు అను, పిండిముద్ద అను, ఎలుకలు అను," అంది గుడ్రున్.

"ఇన్ని ఎలుకలేంటి మేడమ్? మీ బ్యాంకులో పిల్లిని పెంచుకోరా?"

ఆమెకు నవ్వు ఆగలేదు. క్లాసుకు వచ్చినప్పుడల్లా ప్లమ్ పండ్ల కేకు తెచ్చేవాడు, మీరు చిక్కిపోతున్నారంటూ బలవంతంగా తినిపించేవాడు.

"క్లర్కుతో కూడా ఇలాగే మాట్లాడాలా?"

"ఇలాగే. మా వాళ్లందరూ అంతే," అంది. ఆ అబద్ధం ఆడుతుంటే ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం. క్లర్కు వేషంలో ఫోల్కర్ కౌంటర్‌లో ఉన్నాడు. తలుపు దగ్గర పెయింటర్ల దుస్తుల్లో ఇద్దరు షూటర్లు. నెరిసిన విగ్గుతో, చెవి మెషీన్‌లో దాచిన రిసీవర్‌తో గుడ్రున్ బెంచీ మీద కూర్చుంది. జనం వస్తున్నారు, లాకర్లు తెరుచుకుంటున్నారు, పోతున్నారు. ఎవరి నోటా బీరుకొట్టు మాట రాలేదు.

గడ్డం ఉన్న ఒక ముసలాయన చేతికర్రతో కుంటుకుంటూ వచ్చి క్యూలో నిలబడ్డాడు. ముందున్నవాళ్ల మాటలు శ్రద్ధగా విన్నాడు. తన వంతు రాగానే వాళ్లలాగే గొంతు తగ్గించి, ముక్తసరిగా పలకరించి, తాళంచెవి జరిపాడు. పక్కకు తిరిగినప్పుడు మాత్రం పాఠం అప్పజెప్పుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

క్లాసులో యారెక్ చేసేదీ అదే, గుడ్రున్ గుర్తుపట్టింది. ఆమె నేర్పింది పక్కనపెట్టి, క్యూని చూసి నేర్చుకున్నాడు! గర్వంగా అనిపించింది, మరుక్షణం భయమేసింది.

"వచ్చాడా?" చెవిలో ఫోల్కర్ గొంతు.

ఆమె చూపు నేలకు దించుకుంది. పోనిస్తే బాగుండుననిపించింది. ముసలాయన లాకర్ గదిలోంచి బయటికొచ్చాడు, హాలు దాటాడు, తలుపు పిడి తిప్పాడు. ఉరితాట్లో తమ్ముడి మెడ ఆమె కళ్లముందు మెదిలింది.

"ఏంరా అబ్బాయ్, గల్లాపెట్టె ఎలా ఉంది?" క్లాసులో అడిగినట్టే, హాలంతా వినిపించేలా అరిచింది.

జనం సిగ్గుతో తలలు దించుకున్నారు. ఒక్కడే వెనక్కి తిరిగాడు. టీచర్ గొంతు గుర్తుపట్టిన ఆనందం దాచుకోలేకపోయాడు.

"ఎక్కడ మేడమ్, సముద్రం వెనక్కి పోయింది, ఇసుకే మిగిలింది!"

జేబు ఖాళీ అని చెప్పే బీరుకొట్టు మాట అది, ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు. తర్వాత అతనికి పెయింటర్ల చేతుల్లో పిస్తోళ్లు కనిపించాయి. ముఠా నేర్పిన మరో పాఠం గుర్తొచ్చి కాలర్ కొరికాడు. విషం అక్కడే కుట్టి ఉంది. గుడ్రున్ పరుగెత్తి అతని తల ఒళ్లోకి తీసుకుంది.

"తప్పు చెప్పానా మేడమ్?" అన్నాడు.

"లేదు నాన్నా," అంది. ఆ జవాబు అతనికి అందలేదు.

ఫోల్కర్ యారెక్ చేతికర్ర విరిచి ఫిల్మ్ బయటికి లాగాడు. ఎక్‌హార్ట్ బతికిపోయాడు. శవం మీద కోటు కప్పాక క్యూ మళ్లీ సర్దుకుంది. అందులోంచి ఒక పెద్దావిడ గుడ్రున్ వైపు వంగి, ఎవరికీ వినిపించకుండా మందలించింది:

"బ్యాంకులో అంత గట్టిగా అరుస్తారా అమ్మా?"