రాజుగారి చెంప మీద వేలు

“ఇది కూడా అచ్చుమెరుపే,” అన్నాడు ధ్రువ, తెర మీది నాణెం బొమ్మను పెద్దది చేసి చూపిస్తూ. “నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టుంది. అదృష్టవంతులమ్మా!”

ఎదురుగా కూర్చున్న సంహిత మొహం చిన్నబోయింది. ధ్రువకు ఇదేమీ అంతుపట్టలేదు. గుంటూరు నాణెపరీక్ష కేంద్రంలోనే ఆయన జుట్టు నెరిసింది. పెద్ద తరగతి రాలేదని బల్ల గుద్దినవాళ్ళను చూశాడు, ఇమ్మని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళను చూశాడు. వచ్చిందని దిగులుపడే మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

అరుగుదర్శిని వచ్చాక లోకం తీరే మారిపోయింది. ఒక వస్తువు ఎంత అరిగిందో, ఎవరి వేళ్ళకు అరిగిందో అది అణువుల లెక్కన చెప్పేస్తుంది. మొదట పాత నాణేలు సేకరించేవాళ్ళ కోసం చేసిన యంత్రమే. చెక్కుచెదరనిది అచ్చుమెరుపు, కాస్త చేతులు మారినది మసకరూపు, బొమ్మ చెరిగిపోయినది నున్నరూపు. ఆ తర్వాత బిందెలకూ తలుపులకూ ఉయ్యాలలకూ కూడా తరగతులు కట్టారు. తరగతి పడిపోతే విలువ పోతుంది కదా! అందుకని జనం కంటికి ఆనని వేలిపొరలు తొడుక్కోసాగారు. పురిటిస్నానం కాగానే పసివాళ్ళ చేతులకూ అవి ఎక్కాయి. ఉత్త చేత్తో అన్నం కలుపుకుంటే ఎలా ఉంటుందో చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు తక్కువ. దీన్నే మనం నాగరికత అనుకుంటున్నాం.

“ఇంతకీ మీకు కావలసిందేమిటమ్మా?” అని అడిగేశాడు ధ్రువ, ఉండబట్టలేక.

“అరిగిన నాణెం. ఒక్కటి చాలు. మా అమ్మ చేత్తో అరిగింది.”

ఈ నాణేలన్నీ సంహిత తల్లి ప్రణవి సేకరించినవి. కూతురికి మాటలు రాకముందే ఆవిడ పోయింది. మేనత్త పెంచింది. 

“ఫొటోలున్నాయండీ. గొంతూ ఉంది. చెయ్యి ఎలా ఉండేదో మాత్రం తెలీదు. మీ దగ్గర స్పర్శపేటిక ఉందని విని వచ్చాను.”

ధ్రువకు అప్పుడు అర్థమైంది. అరుగుదర్శిని చదివిన ఒత్తిడిని తిరిగి చర్మానికి అందించే పెట్టె అది. దొంగ అరుగుదలను పసిగట్టడానికి పరీక్షకులు వాడుకుంటారు. అందులో చెయ్యి పెడితే, ఎప్పుడో ఆ వస్తువును తాకిన చెయ్యి మన చేతికి తగులుతుంది.

“ఇంట్లో గరిటె మొదలు తలుపు గడియ దాకా అన్నీ చూపించేశాను,” అంది సంహిత. “అన్నీ అచ్చుమెరుపే. పొర తియ్యని మనిషి! ఇవే చివరివి.”

“ఇంకేం లేవా?”

“లేవు. కుంకం డబ్బాలో ఒకటుంది గానీ, అది పూజలోది. నాణెం కింద లెక్క కాదుగా.”

“ముందు ఇలా ఇవ్వండి,” అన్నాడు ధ్రువ. ఆయన కుతూహలం ఆయనకే ఆశ్చర్యంగా ఉంది.

ఆమె సంచిలోంచి డబ్బా తీసింది. ముఖ్యమైన పని మీద వెళ్ళేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్ళడం మేనత్త నేర్పిన అలవాటు. లోపల వెండి రూపాయి, దాని మీద తెల్లదొరల కాలం నాటి రాజుగారి తల. మీసాల రాజుగారికి పసుపు రాసి, బొట్టు పెట్టి, లక్ష్మీదేవిగా కొలిచిన ఇల్లన్నమాట.

తెర వంక చూసి ధ్రువ తల పట్టుకున్నాడు. “చింతపండుతో తోమారు! పాత వెండిని అలా తోముతారా ఎవరైనా? దీనికి తరగతే రాదు.”

“శ్రావణ శుక్రవారం అమ్మ తోమకుండా ఎలా ఉంటుందండీ? అమ్మవారిని మురికితో కూర్చోబెడతామా?”

తోమిన గీతలన్నీ పొర వేసుకున్న చేతివే. సంహిత డబ్బా మూత పెట్టేయబోయింది.

“ఆగండాగండి!” అన్నాడు ధ్రువ. రాజుగారి చెంప మీద, పసుపు కింద, ఒక వేలిముద్ర ఉంది. పొరలేని వేలు. చింతపండు పులుసు ఆరకముందే పడింది కాబట్టి గీతగీతా వెండిలో దిగిపోయింది.

“అమ్మదా?” ఆమె తెర మీదికి వంగింది.

“పసివేలమ్మా ఇది. మీ బొటనవేలి పొర ఒకసారి తియ్యండి.”

గీతలు సరిపోయాయి. పసిపిల్లలు పొరలు కొరికి లాగేస్తారు, అందరికీ తెలిసిందే.

“నాదా?” అంది సంహిత. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాది నాకెందుకండీ!”

ధ్రువ చూపు తెర మీదే ఉంది. తెర అంచున ఎర్రగా ఒక లోపసూచన వెలుగుతోంది: ఒత్తిడి వయసుకు సరిపోవడం లేదు. అలాంటివాటిని ఆయన రోజూ చూసీ చూడనట్టు వదిలేస్తాడు. ఈసారి వదలలేదు. ముద్రను మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు.

“పూజ దగ్గర మిమ్మల్ని ఎవరు ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు?”

“అమ్మేనట. అమ్మ పోయాక అత్తయ్య ఆ పూజ మానేసింది. డబ్బా తెరవనే లేదు.”

“అందుకే మిగిలింది. ఇంకొక్కసారి తోమినా చెరిగిపోయేది.” ఆయన ఆమె వైపు తిరిగాడు. “వేలు మీదే. కానీ ఇంత బలం ఆ వయసు పిల్లకు ఉండదమ్మా. మీ వేలిని పట్టుకుని ఎవరో పైనుంచి నొక్కారు. పొర గీతల్ని దాస్తుంది గానీ, బరువుని ఎక్కడ దాస్తుంది?”

ధ్రువ స్పర్శపేటికను ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఉత్త బొటనవేలిని లోపల పెట్టింది. పెట్టె సన్నగా మోగింది.

ఆమె ఉలిక్కిపడి నవ్వింది. కన్నీళ్ళు చెంపల మీదికి జారాయి.

“ఇంత గట్టిగానా! రూపాయి లాక్కుని పోబోయానేమో!”

“దణ్ణం పెట్టించి ఉంటారమ్మా,” అన్నాడు ధ్రువ.

పెట్టె ఆగిపోయింది. సంహిత వేలు తియ్యలేదు.

“వదిలేసిందండీ,” అంది. “ఇంకోసారి పట్టుకోమనండి.”