విరిగిన పెండలం కర్రలు

ఆకలితో ప్రాణం విడుస్తూ తల్లి యరిమా చెవిలో ఒక మాట చెప్పింది. "మన నాయకుడు బంగారం దాచిన గుహ దాటి ఇంకా లోపలికి పో. కప్పు కూలి ఎండ పడే గుంత ఒకటుంది. అందులో దొంగచాటుగా కర్రపెండలం నాటాను."

ఆ మాట పట్టుకుని యరిమా, ఆమె మేనమామ బవోరు అడవిలో పడ్డారు. హైతీ దీవిలోని అరవాకు తెగవాళ్ళకు పెండలం రొట్టే అన్నం. స్పెయిన్ ఓడలు రాకముందు ఏ పల్లె చూసినా పెండలం తోటలే. బంగారమంటే పండగనాడు మెడలో వేసుకునే నగ, అంతే. ఓడల వాళ్ళొచ్చి బంగారం తేనివాళ్ళ చేతులు నరికారు. తిండి లేకపోతే దొంగవెధవలు వాళ్ళే పోతారని అరవాకుల నాయకుడు పంటంతా పీకించాడు. వాళ్ళకు ఓడల్లో తిండి దిగింది. మాడి చచ్చింది అరవాకులే. తన తోట తన చేత్తోనే పీకిన యరిమాకు ఆ కడుపుమంట చల్లారలేదు. కొండ మీద మిగిలిన జనానికి నాటుకోవడానికి ఒక్క కాడ లేదిప్పుడు.

గబ్బిలాలు మొహానికి కొట్టుకుంటుంటే మెడలోతు నీళ్ళు దాటి ఇద్దరూ గుహలోకి ఎక్కారు. బవోరు ఒక బండ దగ్గర ఆగిపోయాడు.

"బంగారం దీని కిందే ఉంది, తల్లీ!"

"వండుకు తింటావా మామా? నడు!"

గుంతలో పెండలం నిలువెత్తు పెరిగి ఉంది. యరిమా బావురుమంది. ఏడుస్తూనే కాడలు నరికి మోపు కట్టింది.

తిరిగి బండ దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా కత్తులు మెరిశాయి. అడుగుజాడలు పట్టుకుని వచ్చిన సేనాని బెర్మూదెస్, అతని సైనికులు!

"బంగారం ఎక్కడ?" అతగాడు నేర్చిన అరవాకు భాష అంతే.

యరిమా తల అడ్డంగా ఊపింది. బెర్మూదెస్ మోపులోంచి ఓ కాడ లాగి ఆమె వీపు మీద బాదాడు. అది విరిగింది. ఇంకొకటి లాగాడు. అదీ విరిగింది. ఆమె పళ్ళు బిగించి నిలబడింది. ఇంతలో ఒక సైనికుడు కాగడాతో మోపుకి నిప్పంటించబోయాడు.

"ఆగు! బంగారం ఆ బండ కింద!" యరిమా వేలు చూపించింది.

"యరిమా! ఆ చోటు చెప్పకుండా ఎంతమంది చచ్చారే!"

"బతికున్నవాళ్ళు తినాలి మామా!"

సైనికులు ఎంగిలి విస్తరి మీద కుక్కల్లా బండ మీద పడ్డారు. యరిమా నేలంతా తడిమి విరిగిన ముక్కలన్నీ ఒడిలో వేసుకుంది.

"దూకు, మామా!"

మోపు నెత్తిన పెట్టుకుని బవోరు నీళ్ళలోకి దూకాడు. వెనకే ఆమె దూకింది. "పట్టుకోండి!" అని బెర్మూదెస్ అరిచాడు గానీ చేతిలోని బంగారం వదిలి ఎవడూ కదల్లేదు.

కొండెక్కి యరిమా మట్టి పోగులు చేసి ముక్కలు నాటుతుంటే బవోరు ఆమె వీపు మీది వాతలకు పసరు రాస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

"చూడు, గొడ్డును బాదినట్టు బాదాడు."

"ముక్కకో మొక్క లేస్తుంది మామా," అంది యరిమా కసిగా. "పాపిష్టివాడు, ఇంకో నాలుగు బాదినా బాగుండేది."