సలోమి ఎలకలకు కొబ్బరి పెట్టింది

"వీటికి మేత పెట్టేదెవరండీ?"

వరప్రసాదం తలెత్తి చూశాడు. దొడ్డి వసారా గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో తడిసిన గొడుగు, రెండో చేతిలో పెట్టె, ముఖంలో బోలెడంత కోపం. టీచర్ ట్రైనింగ్ ముగించుకుని రాజమండ్రి నుంచి ఆ పూటే దిగిన సలోమి, అంటే ఇంటిగలావిడ మార్తమ్మగారి ఒక్కగానొక్క కూతురు.

"నేనేనండి. పెడుతూనే ఉన్నానండి."

"ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆ డబ్బాలోంచి ఒక్క మేత గుళిక పడతాది, మళ్ళీ ఎంతసేపటికో గానీ ఇంకోటి పడదు. పాపం అవి నీళ్ళ సీసాలు పట్టుకుని వేళ్ళాడుతున్నాయి. మా ఇంట్లో వీధిలో పోయేవాణ్ణి కూడా ఆకలితో పంపించరండి."

"అదేనండీ నా రీసెర్చి."

"కడుపు మాడ్చడం రీసెర్చా?"

ఇదీ వాళ్ళ తొలి పలకరింపు. వరప్రసాదం అమలాపురం కాలేజీలో కొత్తగా చేరిన జువాలజీ డిమాన్‌స్ట్రేటరు. కాలేజీవాళ్ళు కంపు భరించలేమని ఎలకల్ని బయట పెట్టమంటే, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మార్తమ్మగారిని బతిమాలి ఆ వసారా అద్దెకు తీసుకున్నాడు. ఆవిడ మంచి మనసుతో సరేనంది గానీ, ఆ మాట కూతురికి చెప్పడం మరిచిపోయింది.

"ఆకలికి తాగడం లేదండి అవి," అన్నాడు ఓపిగ్గా. "మేతంతా ఒక్కసారే పెడితే ఇన్ని నీళ్ళు తాగవు. ఆగి ఆగి పెడితే మాత్రం దాహం లేకపోయినా తాగుతూనే ఉంటాయి. మానలేవు. మనుషుల్లోనూ ఉంటారు కదండీ, తాళం వేసేమని తెలిసి కూడా పదిసార్లు వెళ్ళి లాగి చూసేవాళ్ళు. ఎలక్కి ఎందుకు ఆగదో తెలిస్తే, వాళ్ళకెందుకు ఆగదో కొంచెమైనా తెలుస్తాదని ఆశ."

"ఆ మనుషుల్నే అడగొచ్చు కదా?"

"వాళ్ళకీ తెలీదండి."

సలోమి గొడుగు దులుపుకుని లోపలికి నడిచింది. వెళుతూ వెళుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. చూసింది ఎలకల్నే. అయినా వరప్రసాదానికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక మొదలైంది అతనికి అవస్థ. వానాకాలం, గోదావరికి వరద, రోజూ ముసురే. సలోమి బట్టలు ఆరేయడానికి వసారాలోకి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అనేది. "మీ నీళ్ళపిచ్చోళ్ళు ఎలా ఉన్నారండీ?" అని ఒకసారి, "ఆ మూలది మీలాగే ముఖం మాడ్చుకుందండి" అని ఇంకోసారి. అతను జవాబు వెతుక్కునేలోగా వెళ్ళిపోయేది. తరవాత అతను కూర్చోలేక లేచేవాడు, లేచి ఏం చేయాలో తెలీక మళ్ళీ కూర్చునేవాడు. పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క ఎక్కేది కాదు.

ఒకరోజు సాయంత్రం ఆమె తీగ మీద చీర ఆరేసి, కదలకుండా అక్కడే నిలబడింది.

"మీకో మాట చెప్పాలండి."

అతను చప్పున లేచి నిలబడ్డాడు. "చెప్పండి."

"ఇప్పుడు కాదులెండి. మీకు కోపం వస్తాదేమో."

"ఎందుకొస్తాదండీ? అస్సలు రాదు."

"ఆయ్, అలాగే అంటారు," అని నవ్వకుండానే లోపలికి వెళ్ళిపోయింది. పిచ్చి కుర్రాడు ఆ మాట ఏమై ఉంటుందో ఊహించుకుని వారం రోజులు గాల్లో తేలాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఎలకలు నీళ్ళు మానేశాయి. సీసాలు నింపినవి నింపినట్టే ఉన్నాయి. అతను సీసాలు మార్చాడు, గుళికలు వదిలే డబ్బా విప్పి మళ్ళీ బిగించాడు, సీసా మూతుల్లో లేని అడ్డు కోసం వెతికాడు. శనివారం వాల్తేరు నుంచి రీసెర్చి గైడు ప్రభాకరరావుగారు వస్తున్నారు. ఇక్కడ పని సాగడం లేదని తేలితే ఆయన ఎలకల్నీ, అతన్నీ కలిపి వాల్తేరు బస్సెక్కిస్తారు. వాల్తేరులో సలోమి ఉండదు.

శుక్రవారం మనసు నిలవక మధ్యాహ్నమే కాలేజీ నుంచి వచ్చేశాడు. వసారాలో సలోమి బోను ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్ళో కోరిన కొబ్బరి. ఎలకలు పెళ్ళిభోజనం చేస్తున్నాయి.

"మీరా?"

ఆమె గతుక్కుమంది. "ఇదేనండి మీకు చెప్పాలనుకున్న మాట. ముందు ఒక్క పూటే అనుకున్నాను. అవి ఎదురుచూస్తాయండి. తలుపు చప్పుడైతే చాలు లేచి నిలబడతాయి. చూస్తూ ఎలా ఊరుకోనండీ?"

తాను ఊహించుకున్న మాట ఇది కాదన్న సిగ్గు, మూడు నెలల పని కొబ్బరిలో కలిసిందన్న మంట, రెండూ కలిసి అతను నోరు జారేలా చేశాయి.

"మీకు ఎలకల మీదున్న జాలి మనుషుల మీద లేదండి. రాజోలులో మా అక్క ఉంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చేతులు కడుగుతూనే ఉంటాది. చర్మం ఊడి నెత్తురొచ్చినా ఆపలేదు. మొగుడు పుట్టింటికి పంపేశాడు. దయ్యమన్నారు, పొగరన్నారు. దానికోసమండి ఇదంతా."

సలోమి ముఖం పాలిపోయింది. కొబ్బరి గిన్నె కింద పెట్టి వెళ్ళిపోయింది. అన్నాక అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పని అక్క సంగతి, ఆ సంగతి తెలిసే కదా రెండు సంబంధాలు వెనక్కి పోయింది, ఇలా దెప్పిపొడవడానికి వాడుకున్నాడు.

శనివారం ప్రభాకరరావుగారు ఖాళీ కాని సీసాల్ని చూసి కళ్ళజోడు తీశారు. "ఏమయ్యా, ఇది?"

"నా పొరపాటండి. జాగ్రత్తగా చూసుకోలేదు," అన్నాడు వరప్రసాదం.

"కాదండి, నేనే పెట్టేను." సలోమి తలుపు దగ్గర నుంచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "కొబ్బరి పెట్టేను, అన్నమూ పెట్టేను. ఈయనకి తెలీదండి."

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "చేసిందంతా వృథా. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాలి. ఇక్కడా, వాల్తేరులోనా అన్నది సాయంత్రం బస్సు వేళకి చెప్పు," అని కాఫీకి లోపలికి వెళ్ళారు.

బయట వాన మొదలైంది. ఇద్దరూ వసారా చూరు కింద మిగిలిపోయారు.

"నిన్న అలా అనకుండా ఉండాల్సిందండి," అన్నాడతను.

"నన్ను తిట్టినందుకు కాదండి ఏడ్చింది. మీ అక్కగారి గురించి." ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "వాల్తేరు వెళ్తారా?"

"వెళ్ళాలని లేదండి. మీరంటే నాకు ఇష్టం. చెప్పడానికి ధైర్యం చాల్లేదు. మా అక్క సంగతి తెలిస్తే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. నాతో వచ్చే అమ్మాయి ఎవరైనా దాన్ని ఇంట్లో పెట్టుకోవాలి. దాన్ని వదిలేసి నేను పెళ్ళి చేసుకోలేను."

"వదిలేయమని ఎవరన్నారండీ?"

ఆమె వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.

"ఇక్కడికి తీసుకురండి. ఆవిడ చేతులు కడుక్కున్నంతసేపూ నూతి దగ్గర పక్కన నిలబడతాను. ఆపమని అరవను. కడుక్కోవడం అయ్యేక చేతులకి కొబ్బరినూనె రాస్తాను. నాకూ మీరంటే ఇష్టమేనండి. ఎలకల జోలికి మాత్రం ఇంక రాను, ఒట్టు."

వెనక కిటికీ లోంచి మార్తమ్మగారు దగ్గారు. ఎప్పట్నుంచి వింటున్నారో ఏమో, చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయి ఉంది.

"బాబూ," అన్నారావిడ, "మీ అక్క పేరేంటి?"

వచ్చిన సంబంధాల వాళ్ళు ఆ జబ్బు గురించి అడిగారు, అంటుకుంటుందా అని అడిగారు, పిల్లలకు వస్తుందా అని అడిగారు. పేరు అడిగినవాళ్ళు మాత్రం లేరు.

"రాహేలండి," అన్నాడు.

"రేపు ఆరాధన కాగానే రాజోలు వెళ్ళి రాహేల్ని తీసుకురా. అమ్మాయీ, నీ గది సర్దు."